పొరుగు కణంతో మాట్లాడరాదు

సోమవారం

ఈ పూట ఒక మోకాలికి మానడానికి అనుమతి ఇచ్చాను. సైకిలు మీంచి పడిన పిల్లది. తర్వాత రెండు మోచేతులు, నూనె చుక్క పడి కాలిన ఒక మణికట్టు, ఒక మడమ. మడమ దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ఆ మనిషి చెప్పుల్లేకుండా నడిచాడని పెద్దయంత్రం అభ్యంతరం రాసింది. మందలించి మంజూరు చేశాను.

నా పేరు గవర్రాజు. ఎగువరేవు గాయాల కార్యాలయంలో సమాధానాల అధికారిని. ఇక్కడ పనిచేసేవాళ్ళంతా దినచర్య రాయాలని నియమం. రాసింది ఎవరూ చదవరు. అందుకే నేను ఇందులో నిజాలే రాస్తుంటాను.

పని కష్టమైనదేం కాదు. ఊళ్ళో అందరి ఒంటి మీదా పూత ఉంది. పుట్టిన మూడో నెలలో వేస్తారు, పోయేదాకా ఉంటుంది, కంటికి కనబడదు. ఎక్కడైనా చర్మం తెగితే, తెగిన అంచున ఉన్న కణాలు ఏమంటున్నాయో పూత విని మాకు పంపుతుంది. పెద్దయంత్రం దాన్ని తెలుగు చేసి నా ముందు పెడుతుంది. "అయ్యా, నా కుడిపక్క ఖాళీ ఏర్పడినది. అటు జరుగుటకు అనుమతి కోరడమైనది." నేను 'జరగవచ్చు' అని నొక్కుతాను. కణం జరుగుతుంది. మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ నొక్కుతాను.

పూర్వం ఇలా లేదట. కణాల గోడల్లో సన్నటి కిటికీలుండేవట. ఒకటి తెగితే పక్కదానికి ఆ కిటికీలోంచే కబురు, దాన్నుంచి ఆ పక్కదానికి. వీధిలో దొంగ పడితే ఇంటింటికీ కేక వెళ్ళినట్టు. ఎవర్నీ అడక్కుండా అన్నీ కలిసి కదిలి గాయం మూసేసేవట. ఆ హడావుడిలో మచ్చ మిగిల్చేవట. మచ్చలు పోగొట్టడానికే పూత వచ్చింది. పూత పడగానే కిటికీలు మూసుకుంటాయి. మా కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంటుంది: "పొరుగు కణంతో మాట్లాడరాదు. కార్యాలయమునకు విన్నవించుకొనవలెను."

"కణాలు చదువుతాయా అండి?" అని చేరిన కొత్తలో అడిగాను.

"చదవకపోతే వాటి ఖర్మ. రాయడం మన బాధ్యత" అన్నారు మా కార్యదర్శి శేషావతారం గారు.

ఆయన మొహం మీద చిన్న మచ్చయినా లేదు. సర్వీసు మీద అసలే లేదు. గురువారం మా ఇంటికి భోజనానికి వస్తానన్నారు. పనసపొట్టు కూరంటే ఆయనకి ప్రాణం.

గురువారం

హైమ చెయ్యి తెగింది.

హైమావతి నా భార్య. ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోస్తుంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లి చేతికిస్తుంది. ఈ పనికీ యంత్రాలు వచ్చాయి గాని, ఊళ్ళో అమ్మమ్మలు వాటిని గుమ్మం దాటనివ్వలేదు.

పనసకాయ పొట్టు కొడుతుంటే కత్తి జారి ఎడమ చేతిలో దిగింది. బొటనవేలి మొదట్లోంచి అరచేతి మధ్యదాకా. పనసజిగురూ రక్తమూ కలిసిపోయి ఎంత తెగిందో ముందు తెలియలేదు. కడిగి గుడ్డ కట్టాను. మిగతా పొట్టు నేను కొట్టాను. ఆవ పెట్టింది మాత్రం ఆమే, ఒంటిచేత్తో.

శేషావతారం గారు కట్టు చూశారు. "మన కార్యాలయం ఉండగా నీకేం భయం అమ్మా? తెల్లారేసరికి ఎక్కడ తెగిందో నువ్వే వెతుక్కోవాలి."

"ఆయ్" అంది హైమ.

ఆయన కూర మూడుసార్లు వేయించుకున్నారు.

శుక్రవారం

పొద్దున కుర్చీలో కూర్చోగానే హైమ చెయ్యి నా ముందుకొచ్చింది. "అయ్యా, నా ఎదుటివారు దూరమైనారు. ఏమి చేయవలెను?" అని రాసుంది. 'జరగవచ్చు' నొక్కబోతే యంత్రం ఒప్పుకోలేదు. దగ్గరి బంధువు గాయాన్ని అధికారి మాన్పరాదు. బంధుప్రీతి కిందికి వస్తుందట.

గాయం పక్క బల్ల మీది ప్రభుదాసుకి వెళ్ళింది. ప్రభుదాసు నాతోపాటే చేరినవాడు, మంచివాడు. "నీ ఇంటి పని కదా గవర్రాజూ, ముందు ఇదే చూస్తాను" అని మొదలుపెట్టి, అంతలోనే ఆగిపోయాడు.

"ఏమైంది?"

"తెగింది బొటనవేలికీ అరచేతికీ మధ్యలో. ఇవతలి ఒడ్డు అరచేయి, అది నాది. అవతలి ఒడ్డు వేలు. వేళ్ళ విభాగం జిల్లా కేంద్రంలో ఉంది కదా."

"పంపించు మరి."

"పంపాను. బొటనవేలు వేళ్ళలోకి వస్తుందో రాదో ఇంకా తేలలేదట. కమిటీ వేశారట."

తన వంతు ఒడ్డుకి అనుమతులన్నీ మధ్యాహ్నంలోపే ఇచ్చేశాడు పాపం.

ఆదివారం

కట్టు విప్పి చూశాం. అరచేతి వైపునుంచి లేత గులాబిరంగు పొర సన్నగా పాకుతూ గాయం మధ్యదాకా వచ్చి నిలబడిపోయింది. బొటనవేలి వైపు ఒడ్డు తెగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. సగం కట్టిన వంతెనలా ఉంది చెయ్యి.

"ఇదేంటండీ, ఓ పక్కే మానుతోంది?" అంది హైమ.

విభాగాల సంగతి చెప్పాను. బొటనవేలి కమిటీ సంగతి కూడా చెప్పాను. ఆమె బొటనవేలు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇది వేలు కాకపోతే మరేటంట?"

"తేలాలి."

పెదవీధిలో ఇద్దరు బాలింతలు కబురు పెట్టారు. పుండు చేత్తో పసిబిడ్డని ముట్టుకోనని చెప్పి పంపేసింది. చెప్పాక చాలాసేపు పెరట్లో ఊరికే నిలబడింది. మా పెళ్ళయ్యాక ఆమె పనికి వెళ్ళకుండా ఇంట్లో ఉన్న రోజులు చాలా తక్కువ. జ్వరమొచ్చినా మర్నాటికి వెళ్ళిపోయేది.

బుధవారం

శేషావతారం గారు అందర్నీ హాల్లోకి పిలిచారు. మన జిల్లాని 'మచ్చలేని జిల్లా'గా ప్రకటించబోతున్నారట. పురస్కారం ఇవ్వడానికి ప్రధాన కార్యాలయం నుంచి డైరెక్టరు రాజ్యలక్ష్మి గారు స్వయంగా వస్తున్నారట. ఆవిడ వచ్చేలోపు పెండింగు గాయం ఒక్కటి కూడా ఉండకూడదు.

"చాలా ఉన్నాయండి. కొన్నిటికి పైనుంచి జవాబులు రాలేదు. ఎలా మానతాయి?" అన్నాడు ప్రభుదాసు.

"మానక్కర్లేదయ్యా. మానినట్టు భావించాలి." శేషావతారం గారు తెర మీద కొత్త మీట చూపించారు. దాని మీద 'మానినట్లు భావించడమైనది' అని రాసుంది. "నొక్కగానే గాయం రికార్డులోంచి పోతుంది. పూత ద్వారా ఆ కణాలకి కూడా తెలియజేస్తాం, మీరు మానిపోయారు, ఇక విన్నపాలు పంపరాదు అని."

"కణాలు నమ్ముతాయా అండి?" అన్నాను.

"ఉత్తర్వు నమ్మడానికి కాదు గవర్రాజూ, పాటించడానికి."

సాయంత్రందాకా నొక్కుతూనే ఉన్నాం. కాలిన వీపు ఒకటి, కుక్క కరిచిన పిక్క ఒకటి, మంచం పట్టిన ఓ పెద్దాయన నడుము పుండు ఒకటి. నడుము పుండు దగ్గర నా వేలు ఆగింది. వెనకాల శేషావతారం గారు నిలబడి ఉన్నారు. నొక్కాను.

లేచి బయల్దేరుతుంటే ప్రభుదాసు నా మొహంలోకి చూడకుండా అన్నాడు. "మీ ఆవిడది నేనే నొక్కాల్సి వచ్చింది. ఏమనుకోకు."

శుక్రవారం

హైమకి జ్వరం. చెయ్యి మణికట్టుదాకా వాచింది. అరచేతి వైపు వచ్చిన ఆ లేత పొర కూడా చీముకింద కరిగిపోతోంది.

ఆఫీసులో మూసేసిన గాయాల నుంచి ఇంకా వస్తున్న మాటలన్నీ యంత్రం ఒక మూల పారేస్తుంది. వాటిని చూడటం మా పని కాదు. ఈరోజు చూశాను. వరసాగ్గా "నియమిత రూపంలో లేదు, తిరస్కరించడమైనది" అని ఉన్నాయి. హైమ ఎడమచేతిది కూడా అక్కడే ఉంది. మామూలుగా ఉండే 'అయ్యా' లేదు, 'కోరడమైనది' లేదు. యంత్రం వాటిని సర్దలేక, ఉన్నవి ఉన్నట్టే వదిలేసింది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ అదే.

నేను చదువుకున్నవాణ్ణే. చర్మకణం మాటలాడదని, అది కాల్షియం కదలికో కరెంటు కదలికో అని, తెలుగులోకి మార్చేది యంత్రమేనని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. సెలవు అడక్కుండా ఎండలో ఇంటికి నడిచి వచ్చేశాను.

శనివారం

డాక్టరు మెహరున్నీసా గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మేం పుట్టకముందు ఊళ్ళో కుట్లు వేయాలంటే ఆవిడే, ఇప్పుడు పెద్దావిడ. పూత వచ్చాక డాక్టర్లు గాయాన్ని ముట్టుకోకూడదు, చూసి నంబరు రాసి మాకు పంపాలి. ఆ నంబర్లు రాసీ రాసీ ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

కట్టు విప్పగానే నావైపు తిరిగింది. "ఇది మానిపోయిందని రికార్డులో ఉంది."

"ఆయ్."

"మీ ఆఫీసు వాళ్ళకి కళ్ళున్నాయా?"

నాకన్నా ముందు హైమే అంది, "ఆయన్నేమీ అనకండి డాక్టరు గారూ. బంధుప్రీతని ఆయన్ని ముట్టుకోనివ్వలేదు."

డాక్టరు గారు కాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి తలుపు గడియ పెట్టింది.

"పుండుకి నేను మందు ఇవ్వగలను. అది చీముని ఆపుతుంది. మాన్పడం మందు పని కాదు, ఆ కణాల పని. అవి ఒకదాని మాట ఒకటి వినాలి. పూత ఉన్నంతకాలం వినలేవు. మీ ఆఫీసు జవాబివ్వదు. మిగిలిందొకటే. గాయం చుట్టూ పూత ఎత్తేయడం."

పూత ఎత్తడం నేరం. ఎత్తిన డాక్టరుకి పట్టా పోతుంది. ఎత్తించుకున్నవాళ్ళకి ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఆ నిబంధనలు ఊరంతా అంటించింది మా ఆఫీసే.

"ఎత్తితే అవి మళ్ళీ మాట్లాడుకుంటాయా అండి? పుట్టిన మూడో నెల నుంచీ మూగగా ఉన్నాయి కదా" అన్నాను.

"ఏమో. నేనూ ఇన్నేళ్ళుగా చూడలేదు."

హైమ చెయ్యి బల్ల మీద పెట్టేసింది. "ఎత్తండి. పూత పడని పిల్లలు గోళ్ళతో బుగ్గలు గీరుకుంటారు కదండీ. మర్నాడు నీళ్ళు పోసేటప్పటికి చూస్తే ఉండదు. మచ్చా ఉండదు. రోజూ చూస్తూనే ఉన్నాను."

"నీకు మాత్రం మచ్చ పడుతుందమ్మా. ఆలస్యమైంది, చీము పట్టింది. తెగిన రోజే వదిలేసుంటే సన్నగా పోయేది."

"పడనీండి."

డాక్టరు గారు ఏదో ద్రవంలో దూది ముంచి గాయం చుట్టూ అద్దింది. కాసేపటికి పూత తెల్లగా తేలింది. ఉల్లిపొరని ఎత్తినట్టు సన్న పట్టకారుతో మెల్లగా పైకి లాగింది. హైమ కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది. నొప్పికి ఆమె గోళ్ళు నా మణికట్టులో దిగాయి. నేను కదల్లేదు.

సోమవారం

ఆఫీసుకి వెళ్ళగానే యంత్రంలో చూశాను. హైమావతి, ఎడమచేయి: మౌనం. ఇంకేం లేదు.

గురువారం

జ్వరం తగ్గింది. వాపు దిగింది. డాక్టరు గారు చెయ్యి శుభ్రం చేసి, దాచిపెట్టిన పాత భూతద్దపు యంత్రం కింద పెట్టి నన్ను చూడమంది. ఏదో రంగు చుక్క వేసింది. కణాలు కబురు చెప్పుకుంటే ఆ రంగు వెలుగుతుందట.

ముందు ఏమీ కనబడలేదు. తర్వాత అంచున ఒకటి మిణుక్కుమంది. దాని పక్కది, దాని పక్కది. వెలుగు ఒడ్డు వెంబడి పాకి, లోపలి వరసల్లోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. అంచున ఉన్నవి ముందుకి సాగుతున్నాయి, వెనకవి వాటిని వదలకుండా అంటిపెట్టుకుని వస్తున్నాయి. బొటనవేలి వైపు కూడా అంతే. కమిటీ ఇంకా తేల్చలేదన్న సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు.

ఒకచోట రెండు ఒడ్లూ తాకాయి. తాకిన చోట ఆగిపోయాయి.

"ఆగమని వాటికెవరు చెప్పారండి?" అన్నాను.

"ఎదురుగా వచ్చింది తగిలింది కదా. ఇంకా ఎవరో చెప్పాలా?" అంది డాక్టరు గారు.

పదిహేనేళ్ళుగా నేను నొక్కుతున్న మీటలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతున్నానని హైమ చెబితేగాని నాకు తెలియలేదు. ఆమె కూడా చూసింది. "ఎంత పనిమంతులో" అని మురిసిపోయింది, ఎవరి పిల్లలనో మెచ్చుకున్నట్టు.

మంగళవారం

ఊళ్ళో మాట దాగదు. మొన్న ప్రభుదాసు వాళ్ళమ్మని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆవిడ కాలి పుండు కూడా మానినట్టు భావించిందే. హైమ వాళ్ళని పెరటిదారిన డాక్టరు గారింటికి తీసుకెళ్ళింది. మర్నాడు ఇంకొకళ్ళు. మంచం పట్టిన ఆ పెద్దాయన కొడుకుని నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆ పుండు మీద నొక్కింది నేనేనని అతనికి చెప్పాను. అతను "త్వరగా నడవండి" అన్నాడు.

ఎండలు మండిపోతున్నాయి. బజారులో జనం పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని తిరుగుతున్నారు. కొందరు మేజోళ్ళు తొడుక్కున్నారు. ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకుని, ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకుంటున్నారు.

శుక్రవారం

ఇవాళ మధ్యాహ్నం పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే శేషావతారం గారు. గడ్డం మీద చేతిరుమాలు అడ్డంపెట్టుకుని ఉన్నారు.

"గీసుకుంటుంటే తెగిందయ్యా. వారం అయింది. గడ్డం తలలోకి వస్తుందా మెడలోకి వస్తుందా అని..." మధ్యలో ఆపేశారు.

"కమిటీ వేశారా అండి?"

"నేనే వేశాను. అప్పట్లో." ఆయన గొంతు తగ్గించారు. "మీ ఇంట్లోవాళ్ళకి ఎవరో తెలుసట కదా."

హైమ తలుపు చాటునుంచి వచ్చింది. "తెలుసండి. కానీ మచ్చ పడుద్దండి."

"పడనీ అమ్మా. గడ్డం పెంచుకుంటాను."

ఆమె ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆ మీట పెట్టించింది ఈయనే. జ్వరంతో ఆమె పడ్డ అవస్థ అంతా ఆ మీటవల్లే. హైమ ఆయన్ని తేరిపార చూసింది. "చీము పట్టింది. నొప్పిగా ఉందాండి?" అంది.

"ఉందమ్మా."

"పదండి" అని చెప్పులు వేసుకుంది.

ఆదివారం

పురస్కార సభ. శేషావతారం గారు గడ్డంతో వచ్చారు. పందిట్లో జనమంతా మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, మచ్చలేని జిల్లా కోసం చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు రాజ్యలక్ష్మి గారు ప్రసంగం మధ్యలో ఒక కాగితం తీశారు. "రెండు విభాగాల మధ్య ఉన్న కష్టమైన గాయాన్ని కూడా ఈ కార్యాలయం సకాలంలో మాన్పింది. ఆ సోదరి ఇక్కడే ఉన్నారట. హైమావతి గారూ, ఒకసారి వేదిక మీదికి వచ్చి మీ చెయ్యి చూపించండి."

ప్రభుదాసు నా మోచెయ్యి పట్టుకున్నాడు. హైమ లేచి కొంగు సర్దుకుని మెట్లెక్కింది. చెయ్యి చాపింది. బొటనవేలి మొదట్లోంచి అరచేతి మధ్యదాకా, తెల్లగా, కాస్త ఉబ్బి, మచ్చ వెనక వరసకి కూడా కనబడేటట్టుంది.

డైరెక్టరు గారు చూశారు. పందిరంతా చూసింది. శేషావతారం గారు ఒక్క అంగలో మైకు దగ్గరికి వచ్చేశారు.

"అది చేతిరేఖండి. ఆమెకి ధనరేఖ చాలా స్పష్టం."

డైరెక్టరు గారి మొహం తేటపడింది. ఆవిడకీ సభ సజావుగా ముగియాలి కదా. "రేఖే అయ్యుంటుంది" అంటూ పూలదండ అందుకున్నారు.

"రేఖ కాదండి" అంది హైమ. మైకు దగ్గరగా ఉండటంతో మాట పందిరంతా వినబడింది. "మచ్చే. పనసకాయ కొడుతుంటే కత్తి దిగింది. మిమ్మల్ని చాలాసార్లు అడిగినట్టున్నాయి నా చేతిలో ఉన్నవి. మీరు పలకలేదు. వాటిలో అవే మాట్లాడుకుని మానిపోయాయి."

"ఎవరు చేశారిది? ఎవరి దగ్గరికి వెళ్ళారు?"

మెహరున్నీసా గారు నాలుగో వరసలో కూర్చుని ఉన్నారు. హైమ అటు చూడలేదు.

"చెప్పాను కదండీ. పక్కవాళ్ళే చూసుకున్నారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒకావిడ మాత్రం ఉక్కకి తట్టుకోలేక రవిక చేతులు మోచేతిదాకా మడుచుకుంది. ఆమె ముంజేతి మీద ఉన్నది అందరికీ కనబడింది. ఆమె ఆ మడత కిందికి దించుకోలేదు.

బుధవారం

విచారణ మా ఆఫీసులోనే జరిగింది. రాజ్యలక్ష్మి గారు నా ఎదురుగా కూర్చున్నారు. చెడ్డ మనిషేం కాదు, అలిసిపోయినట్టున్నారు.

"మీ భార్య గాయం మానింది. ఒప్పుకుంటారా?"

"ఆయ్."

"మానమని ఎవరు ఉత్తర్వు ఇచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి."

"ఉత్తర్వు లేకుండా ఎలా మానుతుంది?"

"మీరు ఎప్పుడైనా చూశారా అండి, అద్దం కింద?"

ఆవిడ తలెత్తారు. ముందున్న ఫైలు మూసేశారు. "పూత ఎవరు తీశారో చెబితే మీ ఉద్యోగం ఉంటుంది" అన్నారు.

ఈ ఉద్యోగం తప్ప నాకు ఇంకో పని చేతకాదు. హైమ అంతమంది ముందు నిలబడి ఆ పేరు ఎత్తలేదు. ఇక్కడ నలుగురి మధ్య నేను ఎలా ఎత్తను?

"నాకు తెలియదండి" అన్నాను.

శేషావతారం గారిని కూడా పిలిచారు. ఆయనకేమైనా తెలుసా అని అడిగారు. ఆయన గడ్డం నిమురుకుంటూ తనకీ తెలియదన్నారు. నేను ఆయన నోట విన్న మొదటి మంచి మాట అదే, అది అబద్ధమైనా.

శనివారం

ఉత్తర్వులొచ్చాయి. నన్ను గోళ్ళ విభాగానికి మార్చారు. గోళ్ళు ఎవర్నీ ఏమీ అడగవు. అక్కడ బల్ల ఉంటుంది, పని ఉండదు.

రెండో ఉత్తర్వు హైమకి. "సదరు గాయము మానిన మాట వాస్తవమే. అయితే మానుటకు తగిన అనుమతి లేనందున, అది మాననట్లు భావించడమైనది. గాయము మానువరకు ఆమె శిశువులను తాకరాదు."

హైమ నాచేత రెండుసార్లు చదివించుకుంది. "పుండున్నప్పుడు లేదన్నారు. ఇప్పుడు లేనప్పుడు ఉందంటున్నారు. వీళ్ళకి నా చేతితో ఏం గొడవండీ?" నవ్వబోయింది. నవ్వలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రందాకా కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆమెని అలా చూడటం జ్వరంలో చూసినదానికన్నా కష్టమైంది.

సోమవారం

పొద్దున్నే బజారువీధి సుభద్రమ్మ గారు వచ్చారు. మనవరాలు పుట్టిందట, నిన్ననే పురుడు వెళ్ళిందట.

"ఏమ్మా హైమా, కబురు పెడితే రావేం?"

హైమ గుమ్మం దగ్గరే నిలబడింది. "నా చేతికి గాయం ఉందటండి. మానేదాకా పిల్లల్ని ముట్టుకోకూడదని ఉత్తర్వు వేశారు."

"ఏదీ?"

ముసలావిడ హైమ చెయ్యి పట్టుకుని వెలుగులోకి లాక్కుంది. మచ్చ మీద బొటనవేలితో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నొక్కి చూసింది.

"నొప్పుందా?"

"లేదండి."

"తడుందా? చీముందా?"

"లేదండి."

"మరింకేం? కాగు దింపి వచ్చాను. నీళ్ళు చల్లారిపోతాయి, పద."

హైమ నావైపు చూసింది. నేను తలూపేలోపే ఆమె కొంగు బిగించి మెట్లు దిగేసింది. గోళ్ళ విభాగంలో నాకోసం ఎదురుచూసే గోరు ఏదీ లేదు గనక, నూనె గిన్నె పట్టుకుని నేనూ వాళ్ళ వెనకే నడిచాను.